సున్నా లేని ఊ

కట్టుడు పళ్ళు చేసేవాడికి రెండు చేతులూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. ఎడమచేతిలో మైనం అంటించిన నోటి నమూనా, కుడిచేతిలో కాల్చిన కత్తి. ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. చిన్న మేస్త్రి మాత్రం ఆ లోటు తెలియనివ్వలేదు. ఫోనును బల్ల మీద ప్లాస్టరు దిమ్మకు ఆనించి నిలబెట్టుకుని, అవసరమైతే ముక్కుతో కూడా తెరవడం నేర్చుకున్నాడు.

చిన్న మేస్త్రి అన్నది ల్యాబులో వచ్చిన పేరు. పళ్ళ డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టరు పోసి, నమూనా తీసి, దాని మీద పళ్ళు కూర్చే ఆ ల్యాబుకు యజమాని పెద్ద మేస్త్రి. ఇతను ఆయన దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. ముందు పళ్ళు అమర్చడంలో ఇతని చేతికి తిరుగులేదు. ఆరు పళ్ళనూ గీత గీసినట్టు పెట్టడు. ఒకదాన్ని వెంట్రుకవాసి పక్కకు తిప్పుతాడు, అప్పుడే అవి సొంత పళ్ళలా కనిపిస్తాయి. అద్దంలో చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న ముసలివాళ్ళున్నారు. ఇంత ఓపిక ఉన్న మనిషికి ఒక్క నిమిషం ఆగే ఓపిక లేదంటే ఎవరూ నమ్మరు. కానీ లేదు.

సోమవారం పదింటికి అతను ఒక మెసేజీ పంపాడు. "పనిలో కూర్చున్నా. నువ్వు?"

అది వెళ్ళింది అతను ఫోనులో 'నాది' అని రాసుకున్న పేరుకు. ఆ పేరు వెనక ఉన్న అమ్మాయి నాలుగు వీధుల అవతల చెవుల డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తుంది. రెండేళ్ళ క్రితం ఆమె జవాబులు పేజీలకు పేజీలు ఉండేవి. వాటిలో ఏదో ఒక మాట అతనికి ముల్లులా గుచ్చుకునేది. అది ఎందుకు అన్నావు, అంటే ఏమిటి అర్థం, నవ్వు బొమ్మ ఎందుకు పెట్టలేదు అని సాయంత్రం దాకా తవ్వేవాడు. ఆమె మాటలు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ వచ్చి చివరికి 'ఊ' దగ్గర ఆగింది. దానికి వంక పెట్టలేకపోయాడు.

పదకొండు నిమిషాలు గడిచాయి. అతను కోరపన్నును మైనంలో నిలబెట్టి, తీసి, మళ్ళీ నిలబెట్టాడు. అప్పుడు ఫోను వెలిగింది.

"ఊం."

సున్నా ఉంది. చివర చుక్క కూడా ఉంది. ఆమె జన్మలో సున్నా పెట్టదు. అతను కత్తి కింద పెట్టాడు.

"ఏంటి చిన్న మేస్త్రీ, దయ్యాన్ని చూసినట్టు అయిపోయావు?" అంది పక్క బల్ల దగ్గర పళ్ళ సెట్టును తిరిగే కుంచెకు ఆనించి మెరుగు పెడుతున్న పాలిష్ అక్క. ఆవిడకు యాభై దాటాయి. నోటికి తాళం లేదు.

"ఏం లేదక్కా. గంటలో వస్తా."

*

చెవుల డాక్టరు ఆస్పత్రి రెండో అంతస్తులో ఉంది. ఆ అమ్మాయి మెట్ల మలుపు దాకా దిగి వచ్చింది. తెల్లకోటు జేబులో చెవులకు పెట్టే చిన్న రబ్బరు మూతలు, మెడలో పని కార్డు.

"అప్పుడు లోపల ఒక పెద్దావిడకి పరీక్ష చేస్తున్నా. గదిలోకి ఫోను తీసుకెళ్ళకూడదు. మధ్యలో తలుపు తీస్తే మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి" అంది.

"మరి జవాబెలా వచ్చింది?"

"ఫోను బయట టేబుల్ మీద ఉంది. రిసెప్షన్‌లో అక్క చూసింది. నువ్వు కంగారుపడతావని ఆవిడే కొట్టింది."

"నా పుట్టినరోజేగా నీ లాక్ నెంబరు. అది ఇంకొకరికి ఎలా ఇచ్చావు?"

అతను గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. కొట్టేవాళ్ళూ తిట్టేవాళ్ళూ వేరే ఉంటారని, తను ఆ కోవలోకి రాడని అతనికి గట్టి నమ్మకం. ఆమెకు మాత్రం అతని గొంతు మెత్తబడిన కొద్దీ అరచేతుల్లో చెమట పట్టేది.

పైనుంచి ఎవరో మధ్యవయసు మనిషి దిగుతూ ఆమెను చూసి తల ఊపాడు. ఆమె గోడకు జరిగి దారిచ్చింది.

"ఎవరతను?"

"పరీక్షకి వచ్చినాయన. ఎడమ చెవి వినపడదు."

"చూడు" అన్నాడతను ఆమె కార్డు తాడు సరిచేస్తూ. "నేనేమన్నా ఉత్తరాలు రాయమన్నానా? ఒక్క అక్షరం. నిమిషం దాటొద్దు. సున్నా పెట్టొద్దు, చుక్క పెట్టొద్దు. నువ్వెప్పుడూ కొట్టేట్టు కొట్టు. అంతకన్నా ఏమడిగాను నిన్ను?"

"నిజంగా ఒక్క అక్షరం చాలా నీకు?"

"చాలు."

ఆమె అతని మొహంలోకి చూసింది. పరీక్ష గదిలో అద్దం అవతల కూర్చున్న మనిషి చప్పుడు వినపడి ఎప్పుడు మీట నొక్కుతాడా అని చూసే చూపు అది. అతనికి ఆ సంగతి తెలియదు, ప్రేమగా చూస్తోందనుకున్నాడు.

"ఇంకోసారి చెప్పు. ఒక్క అక్షరం వస్తే చాలా?"

"అబ్బ, చాలన్నాగా. నువ్వున్నావని తెలిస్తే చాలు నాకు."

"సరే" అని ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఐదింటికి ఆమె దగ్గర్నుంచి చాలా రోజుల తర్వాత పెద్ద మెసేజీ వచ్చింది. "గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు నోరు విప్పొద్దన్నారు డాక్టరు. సెలవు పెట్టేశా. ఇంట్లోనే ఉంటా. ఫోన్ చెయ్యకు, మాట రాదు. మెసేజీ పెట్టు, చూస్తూనే ఉంటా."

అతను దాన్ని నాలుగుసార్లు చదివాడు. ఇంట్లోనే ఉంటా అన్న మాటను ఇంకో రెండుసార్లు చదివాడు. వారం రోజులు ఆ మెట్లు లేవు, ఎడమ చెవి వినపడని మనుషులు లేరు, రిసెప్షన్ అక్క లేదు. ఇంతకన్నా మంచి వార్త ఈ మధ్య వినలేదు.

*

మంగళవారం అతని జీవితంలో చాలా మంచి రోజు. ఆమె ఎక్కడుందో చూపించే నీలం చుక్క పొద్దుటి నుంచీ ఆమె ఇంటి మీదే ఉంది, అంగుళం కదల్లేదు. మెసేజీ పంపడం, గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూడడం. ముల్లు సగం తిరిగేసరికి ఊ. అది రాగానే ఛాతీ మీద ఎవరో కూర్చున్నవాళ్ళు లేచినట్టుండేది. ఆ హాయి ఒక పన్ను అమర్చేంతసేపు ఉండేది. రెండో పన్ను చేతిలోకి తీసుకునేసరికి మళ్ళీ మొదలు.

"తిన్నావా?"

"ఊ"

"నిన్న నేను మరీ గట్టిగా మాట్లాడానా?"

"ఊ"

"కోపం పోయిందా?"

"ఊ"

"నేనంటే ఇష్టమేనా?"

"ఊ"

ఆ చివరి ఊ ఇరవై రెండు సెకన్లలో వచ్చింది. అతను ఈల వేశాడు. పాలిష్ అక్క కుంచె ఆపి మరీ చూసింది.

"మొహం వెలిగిపోతోందే ఇవాళ. ఏంటి సంగతి?"

"పొద్దుట్నుంచి ముప్పై ఒక్క మెసేజీలు పెట్టానక్కా. ఒక్కదానికీ నిమిషం దాటలేదు."

"ముప్పై ఒకటా? ఆ పిల్ల ఇంకే పనీ చెయ్యదా?"

"గొంతు బాగాలేదు. ఇంట్లో ఉంది."

"గొంతు బాగాలేని పిల్లని పడుకోనివ్వకుండా ముప్పై ఒకటి." ఆవిడ పళ్ళ సెట్టును నీళ్ళలో ముంచి తీసి వెలుతురులో చూసింది. "అడుగుతున్నా అనుకోకు. చిన్నప్పుడు నిన్నెవరన్నా వదిలేసి పోయారా?"

"ఎవరూ పోలేదు. మా అమ్మ ఇంట్లోనే ఉండేది. కోపమొస్తే పలికేది కాదు. ఒక్కోసారి పది రోజులు. వంట చేసేది, బట్టలు ఉతికేది, నేను అమ్మా అంటే ఊ అని కూడా అనేది కాదు. వెనకాలే తిరిగేవాణ్ణి."

ఇది చెప్పాలని అతను అనుకోలేదు. చెయ్యి మైనం మీద ఉంది, మాట దానంతటదే వచ్చేసింది. పాలిష్ అక్క సెట్టును కింద పెట్టింది. నిజంగానే జాలిపడింది.

"అయ్యో పాపం" అంది తర్వాత. "మరి ఈ పిల్లేం చేసింది?"

అతను మైనం మీంచి చెయ్యి తీశాడు. ఫోను తీసి ముప్పై రెండోది పంపాడు.

*

బుధవారం ఒక ముసలి టీచరు పళ్ళ సెట్టు కాచవలసి ఉంది. మైనం కరిగించి, ఆ ఖాళీలో చిగుళ్ళకు వాడే గులాబీరంగు ముద్ద నింపి, ఇత్తడి డబ్బాలో బిగించి నీళ్ళలో సన్నటి మంట మీద గంటన్నర ఉంచాలి. తొందరపడితే ముద్దలో గాలి బుడగలు పడతాయి. పాపం ఆ టీచరు మూడు వారాలుగా జావ తాగి బతుకుతోంది.

డబ్బా నీళ్ళలో పెట్టి అతను ఫోను తీశాడు. నీలం చుక్క ఇంటి మీదే ఉంది. ఊ వస్తూనే ఉంది. ఏ లోటూ లేదు. ఏ లోటూ లేకపోవడమే అతన్ని తొలిచేసింది. సున్నా లేదు, చుక్క లేదు, ఒకసారన్నా ఆలస్యం లేదు. ఇంత బుద్ధిగా ఉందంటే ఏదో దాస్తోంది.

"ఒక ఫొటో పెట్టు. చూడాలని ఉంది."

"ఊ"

ఫొటో రాలేదు. ఐదు నిమిషాలు ఆగాడు, అంటే చాలా పెద్ద మనసు చేసుకున్నట్టే.

"ఫొటో."

"ఊ"

"ఊ కాదు, ఫొటో. ఇప్పుడు. ఏ బట్టల్లో ఉన్నా పర్లేదు."

"ఊ"

"పక్కన ఎవరున్నారు?"

"ఊ"

అతని చెవులు వేడెక్కాయి. లేచి వెళ్ళి మంట పెద్దది చేశాడు. ఈ డబ్బా త్వరగా దించితే బయటికి వెళ్ళి ఫోన్ చేయవచ్చని అతని ఆలోచన. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆ పని చెయ్యలేదు. నీళ్ళు కుతకుతలాడుతుంటే నిలుచునే పద్నాలుగు మెసేజీలు పంపాడు. పదిహేనోది ఇలా ఉంది. "నీ ఫొటోలు నా దగ్గర ఏమేం ఉన్నాయో గుర్తుందిగా. మీ నాన్నకి పంపమంటావా?"

పంపిన క్షణంలోనే సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. తను అలాంటివాడు కాదు. గబగబా చెరిపేశాడు. కానీ చెరిపేలోపే దాని కింద ఊ వచ్చేసింది. ఎప్పటిలాగే, సున్నా లేకుండా, చుక్క లేకుండా.

సాయంత్రం పెద్ద మేస్త్రి ఆ పళ్ళ సెట్టును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టుకున్నాడు. గులాబీరంగు చిగుళ్ళ నిండా సూదిమొనలంత బుడగలు. ఆయన కేకలేసే మనిషి కాదు. అయినా ఆయన మొహంలోంచి రక్తం దిగిపోవడం అందరూ చూశారు.

"మంట పెంచావా?"

"పెంచాను మేస్త్రిగారూ."

"ఎందుకు?"

అతను తల దించుకున్నాడు. పెద్ద మేస్త్రి ఆ సెట్టును బల్ల మీద ఉంచాడు. ముందు ఆరు పళ్ళూ ఎంత బాగున్నాయంటే, వాటిని చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది.

"ఆ టీచరుకి ఫోన్ చేసి ఇంకో వారం ఆగమని నువ్వే చెప్పు" అన్నాడాయన. "రేపట్నుంచి ఆ ఫోను సొరుగులో పెట్టి పని చెయ్యి. నీ చెయ్యి పోతే నాకు ఇంకో చెయ్యి దొరకదు."

"అలాగేనండీ" అన్నాడు. అప్పటికి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

*

గురువారం పొద్దున ఫోను సొరుగులో పెట్టాడు. పావుగంటకు తీశాడు. మళ్ళీ పెట్టాడు. పదకొండింటికి ఎవరికీ చెప్పకుండా చొక్కా మీది ప్లాస్టరు పొడి దులుపుకుని బయటపడ్డాడు.

ఆమె ఇల్లు మూడో అంతస్తు. ఇంతకు ముందు గుమ్మం దాకా వచ్చాడు గానీ లోపలికి వెళ్ళలేదు. తలుపు ఆమె నాన్న తీశాడు. గళ్ళ చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. కుడిచేతిలో ఆమె ఫోను ఉంది.

"వచ్చావా" అన్నాడాయన. ఎదురుచూస్తున్న మనిషిలా పక్కకు తప్పుకున్నాడు. "రా నాయనా, కూర్చో."

"తనెక్కడ అంకుల్?"

"లేదు."

అతను అడక్కుండానే రెండు గదులూ చూసొచ్చాడు. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. గోడకు ఉన్న కొక్కేలన్నీ ఖాళీ. వంటింట్లో ఒక గ్లాసు, ఒక పళ్ళెం. పెద్దాయన ఏమీ అడ్డు చెప్పలేదు, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ చేతి మీద ఛార్జరు తీగ, పక్కన స్టూలు మీద అలారం గడియారం. దాని సెకన్ల ముల్లు పెద్దగా టక్కుటక్కుమంటోంది.

"ఎప్పుడెళ్ళింది?"

"సోమవారం సాయంత్రం. నీకు గొంతు పోయిందని రాసి, ఇది నా చేతిలో పెట్టి వెళ్ళింది."

"ఎక్కడికి?"

"నాకు చెప్పలేదు. నేనే చెప్పొద్దన్నా. నాకు తెలిస్తే నువ్వు నా మొహం చూసి కనిపెట్టేస్తావు."

అతను నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ముందుగా తట్టింది ఆమె వెళ్ళిపోయిందని కాదు. మంగళవారం తనను ఎవరు సంతోషపెట్టారన్నది. ఇరవై రెండు సెకన్లలో వచ్చిన ఆ ఊ.

"మీరా?"

"నేనే. కూర్చోబెట్టి గంటసేపు నేర్పింది. సున్నా పెట్టొద్దు నాన్నా, చుక్క పెట్టొద్దు, నిమిషం దాటొద్దు అంది. ఏం రాసినా ఇదే చాలా అనడిగాను. చాలంట, తనే చెప్పాడు అంది." పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఫొటో పంపమంటే ఏం చెయ్యాలో చెప్పలేదు. తొందర్లో మర్చిపోయినట్టుంది."

"ఇది మోసం అంకుల్. నేను తనతో మాట్లాడుతున్నా అనుకుని ఎన్ని రాశాను."

"చదివాను. అన్నీ చదివాను. నిన్న చెరిపేసింది కూడా."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. ముసలాయన గొంతులో కోపం ఉంటే బాగుండును, తిరిగి ఏదో ఒకటి అనవచ్చు. అది లేదు. అలసట మాత్రం ఉంది.

"ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపాను" అన్నాడాయన. "ఎవరు ఏ అంతస్తులో గంట కొడితే అక్కడికి పోవడం. ఇదీ అలాంటిదేగా అనుకున్నా. కాదు. లిఫ్టులో భోజనానికి గంట విరామం ఉండేది. ఇది పట్టుకుని స్నానానికి వెళ్తున్నా, ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని. మూడు రోజులకే మోగకపోయినా మోగినట్టు అనిపిస్తోంది. గుండె దడ. రెండేళ్ళు నా కూతురు ఇదే గదిలో, నా ఎదురుగా, ఇలాగే ఉంది. నేను టీవీ చూస్తూ కూర్చున్నా."

ఆయన ఫోనును ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కోపంతో కాదు, తెలుసుకుందామని అడుగుతున్నా. రెండొందల చిల్లర మెసేజీలు పెట్టావు. గొంతెలా ఉంది అని ఒక్కసారన్నా అడుగుతావేమోనని చూశాను."

అతనికి గుర్తు తెచ్చుకోవలసిన అవసరం లేకపోయింది. అడగలేదు. గొంతు పోతే ఇంట్లో ఉంటుంది, అంతవరకే అతనికి పట్టింది. ఇప్పుడు ఆ గొంతు పోవడం కూడా అబద్ధమేనని తెలిశాక ఆ మాట అనవచ్చు. దానికి బదులు చెయ్యి చాపాడు.

"ఆ ఫోను నాకివ్వండి."

"ఇవ్వను. ఇది నా దగ్గరే ఉంటుంది. నువ్వు రాయి, నేను ఊ అంటా. ఇక్కడికి రాస్తున్నంతకాలం నా కూతుర్ని వెతకవు."

"మీరని తెలిశాక నేనెందుకు రాస్తాను?"

పెద్దాయన అతని వంక చూశాడు. లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. అతను గుమ్మం దాటాక గడియ వేసిన చప్పుడు కాలేదు. ఇలాంటివాళ్ళు మళ్ళీ వస్తారని తెలిసినవాడు గడియ మీద ఏం నమ్మకం పెట్టుకుంటాడు.

వీధిలో ఎండ బాగా ఉంది. ఎదుట ఇంటివాళ్ళు మెట్లు కడుగుతున్నారు. అతను బస్సు ఆగేచోటికి నడిచి, నీడలో నిలబడి, ఫోను తీసి 'నాది' అన్న పేరును చెరిపేద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. బొటనవేలు ఆ పేరు మీద పెట్టాడు కూడా. ఆ వేలు అక్కడే ఉండిపోయింది. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఎక్కలేదు.

"గొంతెలా ఉంది?" అని రాశాడు.

పంపాక చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూశాడు. పది. ఇరవై. ముప్పై. మూడో అంతస్తు కిటికీ ఇక్కడికి కనిపించదు, కుర్చీ మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. కళ్ళజోడు సవరించుకుని ఉంటాడు. వేలుతో వెతుకుతూ ఉంటాడు. నలభై. యాభై.

"ఊ"

సున్నా లేదు, చుక్క లేదు. దాన్ని ఎవరు పంపారో అతనికి తెలుసు. ఆ అమ్మాయి ఇక తిరిగి రాదని, ఈ అక్షరంలో ఆమె ఏనాటి నుంచో లేదని కూడా ఎక్కడో తెలుసు. అయినా ఛాతీ మీది బరువు లేచింది. ఊపిరి లోపలి దాకా వెళ్ళింది. రెండు రోజులుగా సరిగ్గా తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకో బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, తర్వాత ఏం రాయాలా అని ఆలోచించుకోసాగాడు.